ఆరు మునకల సాక్ష్యం

ముందుగా ఆయనకి స్తోత్రం. మట్టిముద్దలోకి ఊపిరి ఊది, ఆ ఊపిరి లోపలికీ బయటికీ తిరగడానికి రెండు తిత్తులు అమర్చి, అవి ఎన్నాళ్ళు ఆడాలో తన దగ్గరే రాసిపెట్టుకున్న దేవునికి స్తోత్రం. ఘాటుకి మిరపనీ, మెత్తదనానికి పత్తినీ ఒకే నల్లరేగడిలో మొలిపించినందుకు స్తోత్రం. దగ్గుని ఇచ్చిందీ ఆయనే. లోపల ఏదో బాగాలేదని మనిషి ఒప్పుకోకపోయినా ఒళ్ళు ఒప్పుకునే ఏర్పాటు అది. అందుకు కూడా స్తోత్రం. ఇక మా మావయ్య సంగతి చెబుతాను.

మావయ్య అంటే మా అమ్మ తమ్ముడు. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టు తరఫున కాయ చూసి రకం చెప్పడం ఆయన పని. సోమవారం తొలి బస్సుకి గుంటూరు వెళ్ళి, శనివారం సాయంత్రానికి అద్దంకి దగ్గర మా ఊరికి వచ్చేస్తాడు. ఆదివారం మందిరంలో మొదటి వరసలో ఎడమవైపు బల్ల ఆయనది. సంఘ పెద్ద. నా చిన్నప్పుడు సండే స్కూలు ఆయనే చెప్పేవాడు. ఇప్పుడు ఆ పని నాది. మిగతా రోజుల్లో ఊళ్ళో హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెబుతాను. మా ఇంటికీ మావయ్య ఇంటికీ మధ్య ఒక్కటే గోడ. ఆ గోడ ఎత్తు గురించి మా అత్తయ్య గొంతు ఎప్పుడూ పట్టించుకోలేదు.

మిర్చి యార్డులో దగ్గని మనిషిని వింతగా చూస్తారు. బస్తా మోసేవాడు దగ్గుతూ మోస్తాడు, కొనడానికి వచ్చినవాడు దగ్గుతూ బేరమాడతాడు, టీ తెచ్చేవాడు దగ్గి మరీ గ్లాసు అందిస్తాడు. అందుకని మావయ్య దగ్గు మూడు నెలల పాటు ఎవరికీ దగ్గులా వినపడలేదు. మనిషి చిక్కిపోతే, "సీజను కదే, తిండికి టైమేదీ" అన్నాడు. సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడితే, "ఘాటు లోపలికి దిగితే వేడి చెయ్యదా ఏంది" అన్నాడు. ఏ ప్రశ్న వేసినా ఆయన దగ్గర మిరపకాయే జవాబు.

పట్టుకుంది అత్తయ్య. ఒక ఆదివారం పాస్టరుగారు వాక్యం చెబుతుంటే మావయ్య దగ్గు ఆగలేదు. పాస్టరుగారు రెండుసార్లు ఓపిక పట్టారు. మూడోసారి బల్ల మీదున్న తన మంచినీళ్ళ గ్లాసే కిందకి పంపించారు. ఇంటికొచ్చాక అత్తయ్య మావయ్యని గుమ్మంలోనే నిలబెట్టింది.

"ఏమయ్యా, దేవుని మందిరంలో మిరపకాయలు ఆరబోశారా?"

"లేదే."

"మరి అక్కడెందుకు దగ్గావు?"

యార్డులో ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న మనిషి చెప్పులు విడిచి గుమ్మంలోనే కూలబడ్డాడు. మర్నాడు గుంటూరు బస్సు ఎక్కాల్సినవాడు నా వెంట సర్కారు ఆసుపత్రికి వచ్చాడు. ఎక్స్‌రే తీశారు. దగ్గితే పడే గళ్ళ పరీక్ష చేశారు. క్షయ అన్నారు. మావయ్య డాక్టరమ్మ వంక చూసి, "మరి మిరపకాయలో?" అని అడిగాడు. మిరపకాయల తప్పేమీ లేదని ఆవిడ చెబితే, ఏదో చుట్టం మీద వచ్చిన నింద తొలిగినట్టు తేలికపడ్డాడు.

క్షయ మందులు వేసుకునేవాళ్ళని చూసుకుంటూ ఊళ్ళు తిరిగే సూపర్వైజరు ఒకతను ఆ వారమే బైకు మీద వచ్చాడు. రోజుకి మూడు మాత్రలు, పరగడుపున, ఆరు నెలలు. ఒక్కరోజు కూడా మానకూడదు. "రెండు నెలలకే అంతా తగ్గిపోయినట్టు ఉంటుందండీ. అసలు ప్రమాదం అప్పుడే" అన్నాడు. మందు అయ్యేదాకా యార్డు వైపు వెళ్ళొద్దన్నాడు. రోజూ ఎదురుగా కూర్చుని మింగించే మనిషి ఒకరు కావాలంటే నేను చెయ్యెత్తాను. వెళ్ళబోతూ గేటు దగ్గర నాతోనూ అత్తయ్యతోనూ ఇంకో మాట చెప్పాడు. మూత్రం ఎర్రగా వస్తుంది, కంగారు పడొద్దు, అది మందు రంగు, మందు పడుతున్నన్నాళ్ళూ అలాగే ఉంటుంది అని. ఆ మాట మావయ్య వినలేదు. అప్పటికే పెరట్లోకి వెళ్ళాడు.

మూడో రోజు పొద్దున మావయ్య పెరట్లోంచి చాలా గంభీరంగా వచ్చాడు.

"అమ్మాయ్, దిగుతోందే."

"ఏంటి మావయ్యా?"

"ముప్పై ఏళ్ళ మిరప. ఎర్రగా దిగుతోంది. మంచి రంగు. నంబరు వన్ కాయ రంగు."

అత్తయ్యా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ క్షణంలో నిజం చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. మాకు అది రోజూ పొద్దున దొరికే వినోదం అయిపోయింది. "ఈరోజు ఏ రకం మావయ్యా?" అని నేను అడగడం, ఆయన కాస్త ఆలోచించి, "నిన్నటికంటే ఒక మెట్టు తక్కువ" అనడం. నవ్విన పాపం ఊరికే పోదు. ఈ నవ్వు ఎక్కడ తేలిందో చెబుతాను.

రెండు నెలలు గడిచాయి. దగ్గు పోయింది. అన్నం రెండోసారి పెట్టించుకుంటున్నాడు. మళ్ళీ గళ్ళ పరీక్ష చేస్తే పురుగు కనపడలేదు. ఇప్పుడు మాత్రల రకం కాస్త మారుస్తామనీ, ఇంకో నాలుగు నెలలు వాడాలనీ డాక్టరమ్మ చెప్పింది. మావయ్య చెవిలో మాత్రం 'కనపడలేదు' అన్న మాట దగ్గరే ఆవిడ గొంతు ఆగిపోయింది.

ఆ ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచి నిలబడ్డాడు. మా సంఘంలో దేవుడు మేలు చేస్తే అందరి ముందూ నిలబడి చెప్పాలి. చెప్పకుండా దాచుకుంటే దొంగిలించినట్టే. మావయ్య మిరప దగ్గర మొదలుపెట్టి, ఎక్స్‌రే మీదుగా, "ప్రభువు నన్ను పూర్తిగా స్వస్థపరిచాడు" అన్నదాకా వచ్చాడు. ఆ 'పూర్తిగా'కి చప్పట్లు మోగిపోయాయి. స్త్రీల వైపు నుంచి అందరికంటే గట్టిగా "స్తోత్రం!" అని అరిచింది నేనే. అబద్ధమెందుకు, ఆ రోజు నా కళ్ళు కూడా చెమర్చాయి. మా ఇంటి మనిషిని దేవుడు నాకు తిరిగిచ్చాడనిపించింది. మధ్యాహ్నం అత్తయ్య కోడి కోసింది.

సోమవారం పొద్దున నేను వెళ్ళేసరికి మాత్రల అట్టలో ఆ రోజు గుంటలు ఖాళీ చేసి ఉన్నాయి. "బడికి ఆలస్యమవుతావని ముందే కానిచ్చానే" అన్నాడు. మంగళవారం కూడా అంతే. "వేసుకున్నావా?" అంటే, "ఈరోజు పని అయిపోయింది" అనేవాడు. సంఘ పెద్ద, అబద్ధమాడడు. ఆ మాట తూచి తూచి అంటున్నాడని నాకు తట్టలేదు.

ఆ రోజుల్లోనే సూపర్వైజరు నాకు ఒక పని తెచ్చాడు. క్షయ దినానికి పంచాయతీ ఆఫీసు దగ్గర మీటింగు పెడుతున్నారు. గుంటూరులో ట్రైనింగులో తనకిచ్చిన కాగితం ఒకటుంది. మన చుట్టుపక్కల దేశాల్లో క్షయకి మందు మొదలుపెట్టినవాళ్ళలో ఎంతమంది బాగయ్యారో పక్కపక్కనే గీతలుగా వేశారు. దాన్ని పెద్దగా తెలుగులో రాసిపెట్టాలి. "మీరు సోషల్ టీచరు కదండీ, దేశాలన్నీ మీకు తెలిసినవే" అన్నాడు. పత్తి విత్తనాల పోస్టరొకటి వెనక్కి తిప్పి, మావయ్య వసారాలో పరిచి, స్కెచ్ పెన్నులు తీసుకుని కూర్చున్నాను. మావయ్య పైన మంచం మీద, సూపర్వైజరు కింద చాప మీద.

నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, మయన్మార్, థాయిలాండ్, ఇండోనేషియా, మధ్యలో మనం. అంకెలు ఇక్కడ రాయను. ఆ కాగితం తిరిగి ఇచ్చేశాను, జ్ఞాపకం మీద రాస్తే అబద్ధ సాక్ష్యం అవుతుంది. మన గీత మరీ పొట్టిదీ కాదు, అందరికంటే పొడుగుదీ కాదు అన్నంతవరకు గుర్తుంది.

"ఏందే, ఇన్ని దేశాల్ని నా వసారాలో పడుకోబెట్టావు?" అన్నాడు మావయ్య.

"ఎవరి దగ్గర ఎక్కువమంది బాగయ్యారో పోల్చి చూపించాలి."

"మనదేదీ?"

చూపించాను.

"ఆ పక్కది మనకంటే పొడుగ్గా ఉందే!"

"ఉంది."

"చిన్న దేశం కదే అది. స్కేలు జారిందేమో, మళ్ళీ చూడు."

స్కేలు జారలేదని చూపించాను. మావయ్య సూపర్వైజరు వైపు తిరిగాడు. "అయితే ఏమయ్యా, వాళ్ళ మాత్రలు తెప్పించకూడదూ? మా ప్రాణాల మీద ఇక్కడి సరుకెందుకు?"

"అన్ని దేశాల్లోనూ ఇవే మందులండీ. ఇదే లెక్కన."

"ఇవే మందులైతే గీతలెందుకు తేడా?"

నాకు నవ్వొచ్చింది. లేఖనంలో ఒక సేనాధిపతి ఉన్నాడు. పొరుగు దేశం నుంచి కుష్ఠురోగంతో వచ్చాడు. ఈ నదిలో ఏడుసార్లు మునగవయ్యా అని ప్రవక్త అంటే, మా దేశంలో ఇంతకంటే మంచి నదులు లేవా అని అలిగి రథం వెనక్కి తిప్పాడు. పనివాళ్ళు బతిమాలితే దిగి, ఏడూ మునిగాకే బాగయ్యాడు. ఆ కథ నాకు చెప్పిందే ఈ మావయ్య. ఇప్పుడు అదే అలకతో, దేశాన్ని మాత్రం తారుమారు చేసి, మంచం మీద కూర్చున్నాడు.

సూపర్వైజరు ఓపికగా చెప్పాడు. మందు మొదలుపెట్టినవాళ్ళందరి లెక్కా అన్ని దేశాలకీ ఒకే ఎత్తు. అందులో చివరిదాకా వాడి బాగైనవాళ్ళంత మేరకే రంగు. మిగిలిందంతా తెలుపు. పోయినవాళ్ళు ఆ తెలుపులో ఉంటారు, మందు పనిచెయ్యనివాళ్ళు ఉంటారు, ఎటు వెళ్ళారో తెలియనివాళ్ళు ఉంటారు.

మావయ్య వృత్తి మేల్కొంది. "ఈ లెక్క ఎవరిచ్చారు?"

"ఏ దేశం లెక్క ఆ దేశమే ఇస్తుందండీ."

"అద్గదీ! యార్డులో టిక్కీ తెస్తారు చూడు, మిరపకాయ బస్తా, దాని మూతి దగ్గర కాయ చూసి రకం చెబితే నన్ను ఆ రోజే పొమ్మనేవాళ్ళు. మూతి దగ్గర ఎవడైనా మంచి కాయే పోస్తాడు. మోచేతి దాకా చెయ్యి దూర్చి, నడిమధ్యలోంచి తీసి చూడాలి. తెల్లబడిన తాలు కాయంతా అక్కడే ఉంటుంది. నీ దేశాల్లో ఎవరి టిక్కీలో ఎవరు చెయ్యి పెట్టారు?"

సూపర్వైజరు పోస్టరు మీదికి వంగి గీతలన్నీ మళ్ళీ చూశాడు. తర్వాత, "నిజమేనండీ. సర్కారు లెక్కకి రాకుండా ప్రైవేటులో మందు వాడేవాళ్ళు ఒక దేశంలో ఎక్కువ, ఒక దేశంలో తక్కువ. అందుకే గీతలు చూసి వాళ్ళు గొప్ప, మనం తక్కువ అనకూడదు. ఎవరి తెలుపులో ఎవరున్నారో వెతుక్కోవాలి" అన్నాడు. ఇన్నేళ్ళు పటాలు పట్టుకుని పాఠాలు చెప్పినా నాకు తోచని ప్రశ్న మా మావయ్యకి తోచిందని గర్వపడ్డాను.

"ఎక్కువగా ఎవరుంటారు ఆ తెలుపులో?" అని అడిగాను.

"ఒళ్ళు తేలిగ్గా ఉందని మధ్యలో మానేసేవాళ్ళు, మేడమ్. మా చేతులు కట్టేసేది వాళ్ళే."

మావయ్య భుజమ్మీది కండువా తీసి, దులిపి, మళ్ళీ వేసుకున్నాడు. ఎండ ఎక్కువగా ఉందనుకున్నాను.

ఆ సాయంత్రం తెల్ల భాగాల అంచులు దిద్దుతూ చాలాసేపు అక్కడే కూర్చున్నాను. పత్తి తీతకి ఎక్కడెక్కడి నుంచో వచ్చి, మూడు వారాలుండి, మందుల కార్డు ఒక ఊళ్ళో వదిలి ఇంకో ఊరికి పోయేవాళ్ళు గుర్తొచ్చారు. పిడుగురాళ్ల సున్నం బట్టీల దగ్గర దుమ్ములో దగ్గు వినపడని కూలీలు గుర్తొచ్చారు. మానేసినవాళ్ళంతా మొండివాళ్ళు కారు. కొందరికి ఆగడానికి ఒక గుమ్మం ఉండదు. ప్రతి దేశంలోనూ అలాంటివాళ్ళు ఉంటారు. నది ఒక్కటే. ఎన్ని మునకల దాకా మనిషిని నీళ్ళలో నిలబెట్టగలిగారన్నదే తేడా.

గురువారం మధ్యాహ్నం భోజనాల దగ్గర మావయ్య గోంగూర కలుపుకుంటూ ఒక ప్రకటన చేశాడు.

"అమ్మాయ్, దేవుడు గొప్పవాడే. ఎరుపు పోయింది."

"ఏ ఎరుపు?"

"మిరపే. మొత్తం దిగిపోయింది. వారం పైనే అయింది, తెల్లగా, నీళ్ళలాగా."

అత్తయ్య చేతిలో గరిటె గాల్లోనే ఆగింది. మందు పడుతున్నన్నాళ్ళూ ఎరుపు ఉంటుందని సూపర్వైజరు చెప్పింది మా ఇద్దరికే. ఆ మాట మేం నవ్వుకోవడానికి దాచుకున్నాం. తెలిసుంటే మావయ్య ఈ ప్రకటన చేసేవాడే కాదు, మాకు తెలిసేదీ కాదు. మా పాపాన్ని కూడా దేవుడు పనికి పెట్టుకున్నాడు. అది ఆయన గొప్పతనం, నాది కాదు.

"మాత్రలేవి మావయ్యా?"

ఆయన చెయ్యి కడుక్కున్నాడు. లోపలికి వెళ్ళి ఖాళీ ఆవకాయ జాడీ తెచ్చి నా ముందు పెట్టాడు. మూత తీస్తే మాత్రలు. పదకొండు రోజులవి, ముప్పై మూడు. "పారెయ్యడం తప్పు కదా. ఇంకొకరికి పనికొస్తాయని దాచాను."

అత్తయ్య మొదలుపెట్టింది. "నీ తెలివి తెల్లారినట్టే ఉంది! సచ్చిపోతావయ్యా! మాత్రలకి ఊరగాయ పెట్టావా?"

"నువ్వాగు. అందరి ముందూ పూర్తిగా స్వస్థపరిచాడని చెప్పాను. చెప్పి, మర్నాడు మాత్ర మింగితే ఏందని అర్థం? దేవుడు పని సగంలో వదిలేశాడనా? ఆయన్ని అబద్ధికుణ్ణి చెయ్యమంటావా నన్ను?"

ఇది మొండితనమైతే తిట్టేదాన్ని. కానీ ఆయన గొంతులో ఉన్నది భయం, భక్తితో కూడిన భయం. దాన్ని ఎలా తిట్టను? ఆ చప్పట్లలో నా చప్పట్లు కూడా ఉన్నాయి.

"పాస్టరుగారు రోజూ షుగరు మాత్ర వేసుకోవట్లేదా మావయ్యా? ఆయన విశ్వాసం తక్కువదా?"

"ఆయన షుగరు గురించి సాక్ష్యం చెప్పలేదుగా!"

జాడీకి మూత పెట్టి లేచాను.

శుక్రవారం చెప్పాను, శనివారం చెప్పాను. మందు మధ్యలో మానితే లోపల నిద్రపోతున్న పురుగు లేచి మొండికేస్తుందనీ, అప్పుడు ఈ మాత్రలకి లొంగదనీ, ఇంట్లో అత్తయ్యకి కూడా అంటుకుంటుందనీ చెప్పాను. వింటాడు. తలూపుతాడు. "దేవుడున్నాడు" అంటాడు. దేవుడున్నాడన్న సంగతి నాకూ తెలుసు కాబట్టి వాదం అక్కడ ఆగిపోతుంది. శనివారం సాయంత్రం పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. ఆయన నుదురు రుద్దుకున్నారు. "పూర్తిగా అన్నప్పుడు నేనే ఆపి ఉండాల్సిందమ్మా. చప్పట్లు బాగా పడుతున్నాయి, ఆపలేకపోయాను" అన్నారు. ఆ నిజాయితీకి ఆయన మీద గౌరవం పెరిగింది. మర్నాడు నెలలో ఆఖరి ఆదివారం. ఆ రోజు వాక్యానికి ముందు సండే స్కూలు పాఠం సంఘమంతటి ముందూ చెప్పడం మా పద్ధతి. ఏ పాఠం చెబుతానో ఆయనకి చెప్పాను. ఒక్క క్షణం నా వైపు చూసి, "నీ మోకాళ్ళు ఒప్పుకుంటాయా?" అన్నారు.

ఆ పాఠాన్ని మావయ్య మాకు చెప్పే తీరు వేరు. ఇద్దరు చెరో కొసా పట్టుకుని నీలం దుప్పటి చాపేవాళ్ళు. అదే నది. సేనాధిపతిగా ఒకరు దాని వెనక కూర్చుని మునగాలి, లేవాలి, అందరూ లెక్కపెట్టాలి. నాకు తొమ్మిదేళ్ళప్పుడు నా వంతు వచ్చింది. ఐదో మునకకే విసుగొచ్చి లేచి నిలబడితే మావయ్య చెవి పట్టుకుని మళ్ళీ ముంచాడు.

ఆ ఆదివారం సంఘంలోని ఇద్దరు అక్కలు నీలం దుప్పటి పట్టుకున్నారు. నలభై ఆరేళ్ళ సేనాధిపతిని నేను. అలిగాను, నదుల్ని తిట్టాను, రథం తిప్పాను, పనివాళ్ళు బతిమాలితే దిగాను. సంఘమంతా లెక్కపెట్టారు. ఒకటి. రెండు. మూడో మునక దగ్గర కుడి మోకాలు అందరికీ వినపడేట్టు మాట్లాడింది. నాలుగు. ఐదు. ఆరు.

ఆరో మునక నుంచి లేచి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, చేతులు ముందుకు చాపి చూసుకున్నాను. "పిల్లలూ, మచ్చలు చాలావరకు పోయాయి. ఒళ్ళు తేలిగ్గా ఉంది. దేవునికి స్తోత్రం. రథం తీయండి, ఇంటికి పోదాం" అని దుప్పటి దాటి వచ్చేశాను.

దుప్పటి పట్టుకున్న అక్కలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎడమవైపు మొదటి బల్ల మీంచి కేక వచ్చింది.

"ఏయ్! ఏడోదేదే?"

"ఆరు చాలలా మావయ్యా? నాకు బాగానే ఉంది."

"బాగుంటే? నీకెట్టా ఉందని ఎవరడిగారే? చెప్పింది ఏడు! ఆరు మునిగి ఇంటికెళ్ళి బాగైపోయానని చాటుకుంటే..."

అక్కడ ఆగాడు. నోరు తెరిచే ఉంది. నేను నేల వైపు చూస్తూ, ప్రభువా, ఈయన్ని అవమానపరచడానికి కాదు, నీకు తెలుసు, అనుకుంటున్నాను. స్త్రీల వైపు నుంచి అత్తయ్య గొంతు మెల్లగా, ఆమె జీవితంలో మొట్టమొదటిసారి మెల్లగా వినపడింది. "చెప్పవయ్యా. చాటుకుంటే?"

మావయ్య లేచాడు. కండువా తీసి చేతికి చుట్టుకున్నాడు.

"సంఘం క్షమించాలి. పోయినసారి నేను చెప్పిన సాక్ష్యంలో దేవుని వైపు తప్పేం లేదు. నా వైపే తప్పు. టిక్కీ మూతి చూసి రకం చెప్పాను. అడుగు ఇంకా చూళ్ళేదు." కాస్త ఆగి నా వైపు తిరిగాడు. "నువ్వు మునగవే. నిలబడ్డావేం?"

మునిగాను. ఏడు అని సంఘమంతా అరిచింది. లేవడానికి మాత్రం ఇద్దరు అక్కలు సాయం పట్టాల్సి వచ్చింది.

ఇంటికొచ్చాక వసారాలో కూర్చుని, "చెంబుతో నీళ్ళు తేవే" అన్నాడు. నేను సూపర్వైజరుకి ఫోన్ చేశాను. వెయ్యండి, రేపు పొద్దున్నే ఆసుపత్రికి తీసుకురండి అన్నాడు. జాడీలోవి కాదు, కొత్త అట్టలోంచి మూడు తీసిచ్చాను. ఒక్కోటీ మింగి, "ఇంత నాటకం ఆడే బదులు చెప్పొచ్చుగా" అన్నాడు.

"చెప్పాగా మావయ్యా, మూడు రోజులు."

"ఆ. చెప్పావులే."

సోమవారం డాక్టరమ్మ చెప్పిన మాటలు ఇక్కడ రాయను. అత్తయ్యకే ఆ రోజు నోరు కట్టేసినట్టయింది. మళ్ళీ గళ్ళ పరీక్ష చేశారు. మానిన పదమూడు రోజులూ చివర్లో కలిపారు. అదృష్టం బాగుంది, వాళ్ళు మందు మానేసినవాళ్ళ జాబితాలో చేర్చేంత కాలం కాలేదు. అదృష్టం అన్నది నా అలవాటు మాట, అది కృప. మర్నాడు పొద్దున పెరట్లోంచి కేక: "అమ్మాయ్! నంబరు వన్ వచ్చిందే!" అప్పుడు కూర్చోబెట్టి ఆ రంగు సంగతి చెప్పాం. రెండు రోజులు మా ఇద్దరితోనూ మాట్లాడలేదు. న్యాయమే.

పంచాయతీ ఆఫీసు మీటింగులో పోస్టరు నేను పట్టుకుంటానంటే వినలేదు. ఆయనే పట్టుకుని నిలబడ్డాడు. దేశాల పేర్లన్నీ చదివించుకున్నాక, మన గీత పైన మిగిలిన తెలుపు మీద వేలు పెట్టాడు. "ఇదిగో, ఇక్కడ నేను పదమూడు రోజులు కూర్చొచ్చాను. లోపల మంచి మంచోళ్ళే ఉన్నారు. కూలికెళ్ళినోళ్ళు, భయపడినోళ్ళు, నాలాంటి తొందరగాళ్ళు. బయటికి రండయ్యా అని పిలవాలి గానీ, తిడితే రారు." సూపర్వైజరు ఆ మాట తన పుస్తకంలో రాసుకున్నాడు.

ఇప్పుడు నేనిది రాస్తుంటే వాన పడుతోంది. పత్తి మొలకలు రెండాకులు వేశాయి, మిరపకి నారు పోస్తున్నారు. మావయ్య అట్టలో ఇంకా తొమ్మిది రోజుల మాత్రలున్నాయి. ఆ తర్వాత ఆఖరి పరీక్ష. యార్డుకి వెళ్ళాలని కాళ్ళు పీకుతున్నాయంటాడు గానీ, మాత్రలు మాత్రం నా ఎదుటే, నోరు తెరిచి చూపించి మరీ మింగుతున్నాడు. రెండో సాక్ష్యం ఇప్పటికే కాగితం మీద రాసేశాడు. రాసి, నాలుగు మడతలు పెట్టి, అత్తయ్యకిచ్చి, "పరీక్ష కాగితం వచ్చేదాకా నేను కాళ్ళు పట్టుకున్నా ఇవ్వకు" అన్నాడు. అది ఆవకాయ జాడీలో ఉంది.

చదివే మీరు ఏ సంఘం వారైనా, ఏ పేరుతో ఆయన్ని పిలిచినా, ఒక్క నిమిషం నాతో కలిసి ప్రార్థించండి. తండ్రీ, ఈ తొమ్మిది రోజులూ ఈ మనిషిని నీళ్ళలో నిలబెట్టు. టిక్కీ అడుగున ఏముందో చూసేది నువ్వే. అక్కడ తాలు లేకుండా చెయ్యి. ఆ కాగితం మీద ఉన్న ప్రతి దేశంలో, ప్రతి గీత పైనా మిగిలిన తెల్లటి చోట ఉన్నవాళ్ళని పేరుపేరునా నువ్వెరుగుదువు. వాళ్ళకి ఆగడానికి ఒక గుమ్మం, ఎదురుగా కూర్చోవడానికి ఒక మనిషి, చెంబుడు నీళ్ళు దొరికేలా చూడు.

ఆమేన్ మాత్రం ఇప్పుడే అనకండి. మావయ్య వింటే మాత్రలు మానేస్తాడు.